ఆఫీసు మీ జ్వరం చూడొచ్చు, దాచుకుంటానంటే ఏం చేయాలి

2020 మార్చి మొదటి వారంలో మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ఒక బిల్డింగు ఒక్క పూటలో ఖాళీ అయిపోయింది. అక్కడ పనిచేసే ఒక ఉద్యోగినికి కరోనా అని అనుమానం వచ్చింది, అంతే. మర్నాటికి పుణె ల్యాబు నుంచి నెగెటివ్ అని ఫలితం వచ్చింది. అప్పటికే బిల్డింగు నంబరు, కంపెనీ పేరు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేశాయి. లేని జబ్బుకి ఆ మనిషి ఎన్ని ఫోన్లకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పట్లో నేను అదే చుట్టుపక్కల ఒక ఆఫీసులో అడ్మిన్ టీములో ఉన్నాను. గేటు దగ్గర టెంపరేచర్ రిజిస్టరు పెట్టించింది మా టీమే. పేరు, ఉద్యోగి నంబరు, ఫోన్ నంబరు, టెంపరేచరు, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అనే ఐదు గడులు. రిజిస్టరు టేబుల్ మీద తెరిచే ఉండేది. వరసలో నిలబడ్డవాళ్లు తమకంటే ముందు వచ్చినవాళ్ల వివరాలన్నీ చదువుకుంటూ నిలబడేవాళ్లు. ఒకరోజు హౌస్‌కీపింగ్‌లో పనిచేసే ఒక అక్కకి 99.8 వచ్చింది. ఎవరో ఆ పేజీ ఫోటో తీసి ఫ్లోర్ గ్రూపులో పెట్టారు. సాయంత్రానికి అది బోరబండలో ఆమె ఇంటి ఓనరు దాకా వెళ్లింది. వారం తిరక్కుండా ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఆమెకి వచ్చింది మామూలు జలుబు.

ఆ రోజు నుంచి నాకు ఒక తేడా బాగా తెలిసొచ్చింది. చూడటం వేరు, రాసిపెట్టుకోవడం వేరు. గేటు దగ్గర జ్వరం ఉందో లేదో చూడటం అందరి క్షేమం కోసమే, దానికి అడ్డుపడక్కర్లేదు. చూసింది రాసుకుని, దాచుకుని, ఇంకొకరికి చూపిస్తేనే మనిషికి కష్టం మొదలవుతుంది. కాబట్టి మీ పట్టంతా ఆ రెండోదాని మీద పెట్టండి. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు 2009 మేలో బయటపడింది మన హైదరాబాద్‌లోనే. తర్వాత కరోనా చూశాం. రేపు ఇంకొకటి వస్తే మళ్లీ అవే యంత్రాలు గేటు దగ్గరికి వస్తాయి. అప్పుడు ఏం చేయాలో ఇప్పుడే తెలుసుకుని పెట్టుకుందాం.

మొదట, మీ ముందున్న యంత్రం ఏం కొలుస్తుందో తెలుసుకోండి

టెంపరేచర్ గన్ మీ ఒంట్లో వేడిని కొలవదు. నుదుటి చర్మం మీది వేడిని చూసి, లోపల ఎంత ఉండొచ్చో లెక్కగడుతుంది. మే నెలలో రాయదుర్గం మెట్రో దగ్గర దిగి ఎండలో పదిహేను నిమిషాలు నడిచొస్తే ఎవరి నుదురైనా కాలుతుంది. ఏసీ క్యాబ్‌లో దిగినవాళ్లకి నిజంగా జ్వరమున్నా తక్కువ చూపించవచ్చు. ఎక్కువ చూపిస్తే గాభరా పడకండి. "పది నిమిషాలు నీడలో కూర్చుంటాను, మళ్లీ చూడండి" అని నెమ్మదిగా చెప్పండి. రెండోసారీ ఎక్కువే వస్తే నోట్లో పెట్టుకునే మామూలు థర్మామీటరు అడగండి. వైద్యులు సాధారణంగా జ్వరంగా లెక్కలోకి తీసుకునేది 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి. కొన్ని ఆఫీసులు 99కే ఆపేస్తాయి. మీ ఆఫీసు ఏ అంకె దగ్గర ఆపుతుందో ముందే కనుక్కోండి. ఒంట్లో వైరస్ ఉండి జ్వరం రాని మనుషులు కరోనా కాలంలో ఎంతోమంది ఉన్నారు కాబట్టి ఈ గన్ చేసే మేలుకి ఒక హద్దు ఉంది. అంత హద్దున్న అంకెని మీ పేరు పక్కన ఏళ్ల తరబడి ఉంచడంలో అర్థం లేదు.

వేలికి పెట్టే ఆక్సిమీటరుదీ ఇదే కథ. గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లబడ్డ వేళ్లు అంకెని తప్పు చూపించవచ్చు. నల్లటి ఒంటిరంగు ఉన్నవాళ్లలో ఆక్సిజన్ నిజంగా తగ్గినా ఈ పరికరం పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లకంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబరులో అమెరికా వైద్యుల అధ్యయనం చూపించింది. కాబట్టి 97 వచ్చిందని ధీమా పడొద్దు. ఆయాసంగా ఉంటే అంకె ఏదైనా ఆసుపత్రికి వెళ్లాలి.

గోడకి బిగించిన థర్మల్ కెమెరాలతో ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. సరిగా వాడాలంటే ఒక్కొక్కరినే నిలబెట్టి, కంటి లోపలి మూల దగ్గర వేడిని చూడాలి. గుంపుగా నడిచిపోతుంటే అందరి జ్వరాలూ పట్టేస్తుందని అమ్మకందారు చెబితే నమ్మకండి. వీటిలో చాలావాటికి మామూలు కెమెరా కూడా జతగా ఉంటుంది. అంటే వేడితో పాటు మీ ముఖమూ రికార్డవుతుండవచ్చు. వేలిముద్ర యంత్రాన్ని తాకితే అంటుకుంటుందని అప్పట్లో ముఖం గుర్తుపట్టే హాజరు యంత్రాలు తెచ్చారు. కరోనా పోయింది, యంత్రాలు గోడ మీదే ఉన్నాయి.

ఫోన్ యాప్‌లు, చేతి బ్యాండ్‌లు అన్నింటికంటే లోతుగా వెళతాయి. పక్కన ఎవరున్నారో చెప్పే యాప్ బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని బట్టి దూరం అంచనా వేస్తుంది. మధ్యలో అద్దం గోడ ఉందా, మీరు వేరే క్యాబిన్‌లో ఉన్నారా అన్నది దానికి తెలియదు. అద్దానికి అవతల కూర్చున్నవాళ్లకి జ్వరం వస్తే మీరు "కాంటాక్ట్" అయిపోవచ్చు. ఇక బ్యాండ్ గుండె వేగం, నిద్ర, చర్మం వేడి నమోదు చేస్తుంది. ఈ మూడూ కలిపి చూస్తే జబ్బు సంగతే కాదు, రాత్రి ఎప్పుడు పడుకున్నారు, మందు తాగారా, నెలసరి ఎప్పుడు, కడుపుతో ఉన్నారా అన్నవి కూడా ఊహించే వీలుంది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పని కబురు హెచ్‌ఆర్ డ్యాష్‌బోర్డుకి ముందుగా చేరకూడదు. అందుకే, ఆఫీసు ఉచితంగా ఇచ్చిందని బ్యాండ్ పెట్టేసుకోకండి.

రెండో పని: రాతపూర్వకంగా అడగండి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆఫీసు అసలే పెట్టదు. నోటితో అడిగితే "అదేం లేదండీ, ఊరికే ఫార్మాలిటీ" అనే జవాబు వస్తుంది. మెయిల్ పెడితే అదే మనిషి జవాబు రాసే ముందు ఒకసారి ఆలోచిస్తాడు. మీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా ఆ మెయిల్ పనికొస్తుంది. ఎదురుతిరుగుతున్నట్టు కాకుండా, సహకరిస్తున్నానని మొదటి వాక్యంలోనే చెప్పేయండి. నేను తోటివాళ్లకి రాసిచ్చే ఉత్తరం ఇలా ఉంటుంది, మీ అవసరానికి తగ్గట్టు మార్చుకోండి:

"నమస్కారం మేడమ్. ఈ వారం నుంచి గేటు దగ్గర టెంపరేచర్, ఆక్సిజన్ చూస్తున్నారు. నేను పూర్తిగా సహకరిస్తాను. కొన్ని వివరాలు తెలియజేయగలరు. ఒకటి, చూసి వదిలేస్తున్నారా, నమోదు చేస్తున్నారా? నమోదు చేస్తే అంకె రాస్తున్నారా, లోపలికి పంపవచ్చు లేదా పంపకూడదు అని మాత్రమే రాస్తున్నారా? రెండు, ఆ వివరాలు ఎక్కడ ఉంటాయి, మన దగ్గరా, యాప్ కంపెనీ దగ్గరా? మూడు, ఎవరెవరు చూడగలరు, నా మేనేజరుకి కనిపిస్తాయా? నాలుగు, ఎన్ని రోజుల తర్వాత తీసేస్తారు? ఐదు, ఈ యాప్ నేను పెట్టుకోలేకపోతే వేరే మార్గం ఏమిటి? ఈ విషయాల్లో మన కంపెనీ ఫిర్యాదుల అధికారి ఎవరో కూడా తెలియజేయగలరు."

నాలుగో ప్రశ్నకి వచ్చే జవాబు బట్టే ఆఫీసు ఆలోచన ఏమిటో మీకు తెలిసిపోతుంది. తేదీ చెప్పగలిగినవాళ్లు ఆలోచించి మొదలుపెట్టినట్టు. "అవసరమున్నంత కాలం" అన్నారంటే ఎవరూ ఆలోచించలేదని అర్థం. పోల్చి చూసుకోవడానికి ఒక కొలత చెబుతాను. ఆరోగ్య సేతు యాప్ మీద ఎన్ని విమర్శలున్నా, ఫోన్‌లో ఉన్న వివరాలు 30 రోజులకి, సర్వర్‌కి వెళ్లినవి జబ్బు లేనివాళ్లవైతే 45 రోజులకి, జబ్బు వచ్చినవాళ్లవి తగ్గాక 60 రోజులకి చెరిపేస్తామని దాని నిబంధనల్లో రాశారు. దేశం మొత్తానికి చేసిన యాప్ రోజుల్లో లెక్క చెప్పగలిగినప్పుడు, నాలుగంతస్తుల ఆఫీసు చెప్పలేదా?

ఒంటరిగా పంపడానికి భయమైతే టీములో నలుగురైదుగురు కలిసి ఒకే మెయిల్ పంపండి. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లని ముందు నిలబెట్టకండి. సీనియర్లు పంపాలి, మిగతావాళ్లు కాపీలో ఉండాలి.

చట్టం మీకు ఎంత దూరం తోడొస్తుంది

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ప్రభుత్వ ఆఫీసుల్లో, కార్పొరేషన్లలో పనిచేసేవాళ్లు నేరుగా దీన్నే పట్టుకోవచ్చు.

ప్రైవేటు కంపెనీల వాళ్లకి దగ్గరి ఆయుధం 2011 ఏప్రిల్‌లో ఐటీ చట్టం 43ఏ సెక్షన్ కింద వచ్చిన నిబంధనలు. శారీరక, మానసిక ఆరోగ్య స్థితి, వైద్య రికార్డులు, బయోమెట్రిక్ వివరాలు సున్నితమైన సమాచారమని వాటిలో స్పష్టంగా ఉంది. వాటిని తీసుకోవాలంటే రాతపూర్వక సమ్మతి కావాలి, ఎందుకో చెప్పాలి, ఆ పని అయ్యాక ఉంచుకోకూడదు. తప్పుంటే దిద్దించుకోవచ్చు, ఇచ్చిన సమ్మతిని రాసి వెనక్కి తీసుకోవచ్చు. ప్రతి కంపెనీ ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఆయన నెల రోజుల్లోగా తేల్చాలి. మీ కంపెనీ సైట్‌లో కింద చిన్న అక్షరాల్లో ఆ పేరు ఉందేమో ఇవాళే వెతకండి.

తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అందాకా 2011 నిబంధనలే దిక్కు. కొత్త చట్టంలో మనకి బాగా పనికొచ్చే మాట ఒకటుంది. సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో కర్మాగారంలో పనిచేసే మనిషి "నాకు తెలుగులో ఇవ్వండి" అనగలగడం చిన్న విషయం కాదు.

అదే చట్టంలో మనకి అనుకూలం కాని మాట కూడా చెప్పాలి, దాస్తే మీకు నష్టం. ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా కాపాడుకోవడానికి, ఇంకా అంటువ్యాధి ప్రబలినప్పుడు వైద్యం అందించడానికి, సమ్మతి లేకుండానే వివరాలు వాడుకునే వెసులుబాటు ఏడో సెక్షన్‌లో ఉంది. నా వివరాలు చూపించండి, చెరిపేయండి అని అడిగే హక్కులు ప్రధానంగా మీరు సమ్మతితో ఇచ్చిన వివరాలకే వర్తిస్తాయి. కాబట్టి సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమంటే చిరాకు పడకండి. ఆ కాగితమే రేపు మీ చేతిలో పట్టు. సంతకం పక్కనే "గేటు దగ్గర ఆరోగ్య పరీక్ష కోసం మాత్రమే, 30 రోజుల వరకు" అని చేత్తో రాసి, ఫోటో తీసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఈ రెండు చట్టాలూ డిజిటల్ సమాచారానివి. గేటు దగ్గరి పుస్తకం పుస్తకంగా ఉన్నంతవరకు వీటి పరిధిలోకి రాదు. ఎవరైనా దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించినా, ఫోటో తీసి పంపినా కొత్త చట్టం దాన్ని డిజిటల్ సమాచారంగానే చూస్తుంది. మా రిజిస్టరు పేజీ ఫోటో తీసిన రోజుల్లోనే ఈ చట్టం ఉండుంటే ఆ మనిషి తీసేవాడు కాదేమో.

"ప్రభుత్వమే చెప్పింది, తప్పదు" అంటే ఆ ఉత్తర్వు కాపీ అడగండి. 2020 మే 1న కేంద్ర హోంశాఖ ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికీ ఆరోగ్య సేతు తప్పనిసరి అంది. మే 17న వచ్చిన మార్గదర్శకాల్లో దాన్ని సడలించి, వీలైనంతవరకు పెట్టించే ప్రయత్నం చేయండి అంది. రెండో ఉత్తర్వు వచ్చి నెలలు గడిచినా మొదటిదాన్నే గేటు మీద అంటించి ఉంచిన బిల్డింగులు నేను చూశాను. టీకా విషయంలోనూ అంతే. 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకోమనలేరని చెప్పింది, ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని షరతులు పెట్టవచ్చని, అవి పరిస్థితికి తగ్గట్టు ఉండాలని కూడా చెప్పింది. నన్నడిగితే టీకా వేయించుకోండి, నేను వేయించుకున్నాను. సర్టిఫికెట్ గేటు దగ్గర చూపించండి చాలు. జిరాక్స్ ఇవ్వడం, గ్రూపులో ఫైలు పెట్టడం వద్దు.

ఫోన్ విషయంలో

సొంత ఫోన్‌లో ఆఫీసు ఆరోగ్య యాప్ పెట్టమంటే ముందు ఆఫీసు ఫోన్ గానీ, కాగితం ఫారం గానీ ఇవ్వగలరా అని అడగండి. తప్పదంటే ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అనే వేరే అర ఉంటుంది, ఐటీ టీముని అడిగి యాప్ దాంట్లోనే పెట్టించుకోండి. అందులో ఉన్న యాప్‌కి మీ సొంత ఫోటోలు, యాప్‌లు కనపడవు. లొకేషన్ అనుమతి "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి, కచ్చితమైన లొకేషన్ అనే మీటని ఆపేయండి. కాంటాక్టులు, మైకు, ఫోటోలు అడిగితే ఇవ్వకండి, జ్వరం చూడటానికి వాటితో పనిలేదు. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో జనరల్‌లోకి వెళ్లి డివైస్ మేనేజ్‌మెంట్ చూస్తే, ఆఫీసు మీ ఫోన్ మీద ఏదైనా ప్రొఫైల్ పెట్టిందో లేదో తెలుస్తుంది. ఉద్యోగం మారిన రోజే యాప్‌నీ, ప్రొఫైల్‌నీ తీసేయండి.

జబ్బు మీకే వస్తే

ఇక్కడ చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. భయపడి అసలు చెప్పరు, లేదా కంగారులో అన్నీ చెప్పేస్తారు. అంటువ్యాధి అయితే చెప్పాలి, ఇందులో సందేహం లేదు. పక్క సీటులో ఉన్నవాళ్లింట్లో డయాలసిస్ మీద ఉన్న తండ్రి ఉండొచ్చు. ఒక్కరికే చెప్పండి, అవసరమైనంతే చెప్పండి. మీ ఆఫీసుకి డాక్టరు ఉంటే ఆయనకి, లేకపోతే హెచ్‌ఆర్‌లో ఒకరికి. పరీక్ష ఏ తేదీన చేయించుకున్నారు, చివరగా ఆఫీసుకి ఎప్పుడొచ్చారు, ఎక్కడ కూర్చున్నారు, ఎవరితో కలిసి భోంచేశారు, ఏ క్యాబ్‌లో వెళ్లారు. ఈ ఐదూ చాలు. షుగర్ ఉందా, ఇంతకుముందు ఏం జబ్బులొచ్చాయి, ఏ మందులు వాడుతున్నారు అన్నవి వాళ్లకి అక్కర్లేదు. అడిగితే "అది మా డాక్టరు చూసుకుంటున్నారండీ" అని మర్యాదగా ఆపేయండి.

రిపోర్టు పంపాల్సి వస్తే పేరు, తేదీ, ఫలితం ఉంచి చిరునామా, వయసు, ఫోన్ నంబరు, గుర్తింపు నంబర్లు నల్లగా కొట్టేసి పంపండి. క్యూఆర్ కోడ్‌ని మర్చిపోవద్దు, దాన్ని స్కాన్ చేస్తే మీరు కొట్టేసినవన్నీ బయటకి రావచ్చు. తిరిగి వచ్చేటప్పుడు డాక్టరుని "ఫలానా తేదీ నుంచి పనికి వెళ్లవచ్చు" అని మాత్రమే సర్టిఫికెట్ రాయమనండి, జబ్బు పేరు వద్దని చెప్పండి. గ్రూప్ ఇన్సూరెన్స్ కాగితాలు హెచ్‌ఆర్ మెయిల్‌కి కాకుండా నేరుగా ఇన్సూరెన్స్ వాళ్ల పోర్టల్‌లో ఎక్కించండి. డిశ్చార్జ్ సమ్మరీలో మీ జీవితమంతా ఉంటుంది. హెచ్‌ఐవీ విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది. 2017 చట్టం ప్రకారం ఉద్యోగం కోసం హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోమని అడగకూడదు.

తోటివాళ్లకి సమాచారం వెళ్లేటప్పుడు "మూడో అంతస్తు తూర్పు వైపు ఒకరికి పాజిటివ్, మంగళవారం అక్కడ కూర్చున్నవాళ్లు పరీక్ష చేయించుకోండి" అంటే చాలు. పేరు లేకుండానే పని జరుగుతుంది. పంపే ముందు మెయిల్ ఒకసారి చూపించమని హెచ్‌ఆర్‌ని అడగండి.

కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకి ప్రత్యేకంగా

హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, క్యాబ్ డ్రైవర్లు. గేటు దగ్గర ముందుగా ఆపేది వీళ్లనే, అందరికంటే తక్కువ అడగగలిగేదీ వీళ్లే. వీళ్ల వివరాలు ఏజెన్సీ దగ్గరా, ఆఫీసు దగ్గరా, రెండు చోట్లా ఉంటాయి. ఒకచోట చెరిపేసినా ఇంకోచోట మిగిలిపోతాయి. మీరు ఇలాంటి పనిలో ఉంటే మూడు పనులు చేయండి. ఫారం మీద ఏముందో తెలుగులో చదివి వినిపించమనండి, సంతకం ఆ తర్వాతే. సంతకం పెట్టిన ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. గేటు దగ్గర ఆపి ఇంటికి పంపేస్తే ఎన్ని గంటలకి, ఎంత టెంపరేచరుకి పంపారో సూపర్‌వైజరుకి వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టండి: "అన్నా, ఇయ్యాల పొద్దుగాల తొమ్మిదింటికి 99.6 ఉందని గేటు కాడ వాపసు పంపిన్రు." ఆ రోజు జీతం కోసినా, రేపు పనిలోంచి తీసేసినా మీ దగ్గర సాక్ష్యం ఉన్నట్టే.

పర్మినెంటు ఉద్యోగులకి ఒక మాట. మీ ఫ్లోర్ తుడిచే అక్కకి ఇంగ్లిష్ ఫారం వస్తే రెండు నిమిషాలు కూర్చుని చదివి చెప్పండి. మీరు పెట్టే మెయిల్‌లో "కాంట్రాక్టు సిబ్బంది వివరాలు కూడా" అని ఒక్క మాట చేర్చండి.

మీరే హెచ్‌ఆర్ అయితే, అడ్మిన్ అయితే

అంకెలు రాయించకండి. లోపలికి పంపాం, పంపలేదు అని టిక్కు పెట్టించండి. పుస్తకం బదులు రోజుకొక కాగితం వాడి, సాయంత్రం తాళం వేయండి. వైద్య కాగితాలని ఉద్యోగి ఫైలులో కలపకండి, వేరే ఫైలు, వేరే తాళం పెట్టండి. అమెరికాలో చట్టమే అలా వేరుగా ఉంచమంటుంది. ప్రమోషన్ల సమయంలో మేనేజరు చేతికి వెళ్లే ఫైలులో జ్వరం కాగితం ఉండకూడదు.

జర్మనీలో జరిగింది చెబుతాను. న్యూరెంబర్గ్‌లో హెచ్ అండ్ ఎమ్ బట్టల కంపెనీ సర్వీస్ సెంటరులో సెలవు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగులని మేనేజర్లు ఆప్యాయంగా పలకరించేవాళ్లు. ఏం జబ్బు, ఇంట్లో పరిస్థితి ఎలా ఉంది అని అడిగి, విన్నదంతా కంప్యూటర్‌లో రాసుకునేవాళ్లు. దాన్ని 50 మంది దాకా మేనేజర్లు చదవగలిగేవాళ్లు. 2020 అక్టోబరులో హాంబర్గ్ సమాచార రక్షణ కమిషనర్ 3 కోట్ల 53 లక్షల యూరోల జరిమానా వేశారు. బాగోగులు అడగడంలో తప్పు లేదు, అడగాలి కూడా. విన్నదాన్ని రాయకండి.

పేరు బయటికి వస్తే

మొదటి గంటలో మూడు పనులు. స్క్రీన్‌షాట్ తీయండి, ఎవరు, ఎప్పుడు పంపారో కనిపించేలా. గ్రూప్ అడ్మిన్‌కి తీసేయమని రాయండి. తర్వాత ఫిర్యాదుల అధికారికి, హెచ్‌ఆర్‌కి ఒకే మెయిల్ పెట్టండి. గ్రూపులో వాదనకి దిగకండి, వాదించిన కొద్దీ ఆ ఫోటో ఇంకా నలుగురు చూస్తారు.

నెలలో తేలకపోతే రెండు దారులు. కంపెనీ నిర్లక్ష్యం వల్ల మీకు నష్టం జరిగితే 43ఏ కింద పరిహారం కోరవచ్చు. 5 కోట్ల రూపాయల లోపు అయితే కోర్టుకి కాకుండా రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గరికి వెళ్లాలి, ఆయనే న్యాయనిర్ణయాధికారి. ఈ దారి ఉందని చాలామంది వకీళ్లకే గుర్తుండదు. ఐటీ చట్టం చూసే వకీలుని వెతుక్కుని, అది అమల్లో ఉండగానే కదలండి. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక 43ఏ సెక్షన్ పోతుంది. జీతం కోసినా, ఉద్యోగం తీసేసినా అది కార్మిక శాఖ పని. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కి వెళ్లండి, వాట్సాప్ సందేశాలు, గేటు ఫోటోలు ముద్రించి పట్టుకెళ్లండి.

చివరి పని, ఎవరూ చేయనిది

విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం పెట్టిన కరోనా ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి. అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఏ పని కోసం వివరాలు తీసుకున్నారో ఆ పని అయిపోయిందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన తేదీలు దొరకవు. అయినా మీ డిక్లరేషన్ ఫారాలు, టీకా సర్టిఫికెట్ల ఫోల్డరు, యాప్‌లో ఖాతా, కెమెరాలో ముఖం, వీటిలో ఎన్ని ఇంకా ఉన్నాయో ఒకసారి అడగండి. పై మెయిల్‌లో ప్రశ్నలు తీసేసి, ఈ రెండు తేదీలు పెట్టి, "తీసేసి, తీసేసినట్టు రాసి పంపగలరు" అని రాస్తే చాలు. యాప్ కంపెనీ దగ్గరున్న కాపీ, ఏజెన్సీ దగ్గరున్న కాపీ కూడా అని రాయడం మర్చిపోకండి.

మేం 2022లో ఆఫీసు మారుతుంటే స్టోర్ రూమ్‌లో ఏసీ ఫిల్టర్ల అట్టపెట్టెల వెనక పదకొండు రిజిస్టర్లు దొరికాయి. రెండేళ్ల జ్వరాలు, ఫోన్ నంబర్లు, "ఇంట్లో అమ్మకి బాగాలేదు" అని రాసిన గడులు. తాళం సెక్యూరిటీ డెస్కు సొరుగులో ఉండేది, ఎవరైనా తీసుకోవచ్చు. హెచ్‌ఆర్ మేడమ్, నేను ఒక మధ్యాహ్నమంతా కూర్చుని వాటిని ష్రెడ్డర్‌లో వేశాం. 99.8 ఉన్న పేజీ కోసం వెతికాను. అది అప్పటికే చింపేసి ఉంది. మీ ఆఫీసులో ఆ రిజిస్టర్లు ఎక్కడున్నాయో, ఆ గది తాళం ఎవరి దగ్గరుందో రేపు వెళ్లగానే కనుక్కోండి.